ముడతల క్యాబేజీ: గడ్డ కోసం వద్దు, ఆకు కోసం పెడదాం



గణపతి నిమజ్జనం అయింది. చలికాలం విత్తనాల పొట్లాల్లో ఏమేం పెట్టాలన్న లెక్క మొదలైంది. ఈసారి జాబితాలో మెంతి, చుక్కకూర, పాలకూర, ధనియాలు, ముల్లంగి పక్కన సవోయ్ క్యాబేజీ అన్న పేరు కనపడేసరికి గ్రూపులో రెండు రోజులు మాటలు గట్టిగానే నడిచాయి. "నాందేడ్ ఎండకు సీమ గోబీ ఏం పండుతది, సంఘం పైసలు దండుగ" అని పెద్దల మాట. "చుక్కకూర ఇప్పుడెవరు తింటున్నారు, అది తీసేసి ఇది పెట్టండి" అని పిల్లల మాట. మేమిద్దరం నాలుగు చలికాలాలుగా దీన్ని వెనక పెరట్లోనూ, మేడ మీద సంచుల్లోనూ పెంచుతున్నాం, వండుతున్నాం. కాబట్టి మా అభిప్రాయం కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. గడ్డ కోసమైతే సవోయ్ వద్దు. ఆకు కోసమైతే ప్రతి ఇంట్లో నాలుగు మొక్కలు ఉండాలి. పొట్లంలో విత్తనంగా ఇవ్వొద్దు, నారుగా ఇవ్వాలి. చుక్కకూర జోలికి మాత్రం పోవద్దు.

చూడని వాళ్ల కోసం: ఇది మామూలు క్యాబేజీ జాతే. ఆకు నున్నగా ఉండదు, నిండా ముడతలు, బుడిపెలు. పై ఆకులు ముదురు ఆకుపచ్చ, లోపలికి పోయేకొద్దీ లేత పసుపు. గడ్డ రాయిలా బిగిసిపోకుండా కాస్త వదులుగా ఉంటుంది. సవోయ్ అన్నది ఆల్ప్స్ కొండల్లో ఒక ప్రాంతం, 1860 నుంచి ఫ్రాన్సులో భాగం. ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు. ఫ్రెంచివాళ్లేమో దీన్ని మిలాన్ క్యాబేజీ అంటారు. ఇటలీ వాళ్లకు ఇది వెర్జా.

"సీమది" అన్న అభ్యంతరం మాకు బరువైనదిగా అనిపించలేదు. మనం రోజూ బజారులో అడిగే కోబీ అన్న మరాఠీ మాటే పోర్చుగీసు వాళ్ల కోవ్ నుంచి వచ్చింది. పూలకోబీ, నూల్‌కోల్, పత్తాకోబీ అన్నీ ఒకే మొక్క జాతి, అన్నీ సముద్రం దాటి వచ్చినవే. అంతెందుకు, మిరపకాయ కూడా బయటి నుంచి వచ్చిందే. ధర్మాబాద్ మిర్చి బజారులో నిలబడి "ఇది పరాయి కాయ" అని చెప్పే ధైర్యం ఎవరికుంది? ఏ మొక్కనైనా అడగాల్సిన ప్రశ్నలు వేరు: మన నేలకు, మన నీళ్లకు, మన పొయ్యికి సరిపోతుందా? సరిపోకపోతే మనకెందుకు?

అక్కడే పెద్దల మాటలో నిజముంది. సవోయ్ చలి కోరే మొక్క. పగలు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే దానికి సుఖం. పుట్టినచోట మంచు పడ్డాకే దీన్ని కోస్తారు, ఎందుకంటే గట్టి చలికి ఆకులోని పిండి చక్కెరగా మారి తియ్యబడుతుంది. మనకు ఆ భాగ్యం లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నాందేడ్‌లో పదీ పన్నెండు డిగ్రీలకు దిగుతుంది గాని, మధ్యాహ్నం మళ్లీ చొక్కా తడిసే ఎండే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ల మాట. మన దగ్గర అంతవరకు కూడా ఆగదు, సంక్రాంతి దాటిన పదిహేను రోజులకే గాలి మారుతుంది. నారు నాటినప్పటి నుంచి సవోయ్ గడ్డ కట్టడానికి 80 నుంచి 100 రోజులు పడుతుంది. నవంబరు మొదట్లో నాటితే ఫిబ్రవరి మొదటి వారానికి గడ్డ చేతికి రావాలి. ఒక్క పదిహేను రోజులు ఆలస్యమైతే చివరి రోజులన్నీ వేడిలో పడతాయి. గడ్డ వదులుగా, పిడికిలంతే మిగులుతుంది. గట్టి గడ్డే కావాలంటే గోల్డెన్ ఎకర్ రకం పెట్టుకోండి, అది 60, 65 రోజుల్లో అయిపోతుంది. దాంతో పోటీకి సవోయ్‌ని దింపడం అన్యాయం.

కానీ గడ్డే రావాలని ఎవరు చెప్పారు? బజారులో తూకం వేసి అమ్మేవాడికి గడ్డ కావాలి. దూరం లారీలో పోవాలన్నా గడ్డే కావాలి. పెరట్లో మొక్కకు ఆ రెండు అవసరాలూ లేవు. మనం తోటకూర గిల్లుకున్నట్టు, చుక్కాకు కోసుకున్నట్టు దీన్నీ ఆకుకూరగా వాడుకోవచ్చు. నాటిన 45 రోజుల నుంచి ఒక్కో మొక్కకు వారానికి రెండు బయటి ఆకులు తీస్తాం. మొక్కకు ఎనిమిది ఆకులకు తక్కువ కాకుండా వదులుతాం. నాలుగు మొక్కలంటే వారానికి ఎనిమిది పెద్ద ఆకులు, నలుగురున్న ఇంటికి ఒక పూట కూర. మార్గశిరంలో మొదలుపెడితే శివరాత్రి దాకా ఇలా నడుస్తుంది. ఆకులు లాగితే గడ్డ చిన్నదవుతుంది, నిజమే. చివర్లో ఆ చిన్న గడ్డను కూడా కోసి, మోడును వదిలేసి, మోడు మీద కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెడితే పక్కల నుంచి మళ్లీ చిన్న చిన్న పిలకలు వస్తాయి. మామూలు క్యాబేజీ బయటి ఆకు మందంగా, పీచుగా ఉండి మేకలకు పోతుంది. సవోయ్ బయటి ఆకు వండితే మెత్తబడుతుంది. దాన్ని కోరుకోవడానికి మాకున్న పెద్ద కారణం ఇదే.

ఇక వంటింటి సంగతి. చాలామందికి క్యాబేజీ అంటే ఉడికేటప్పుడు వచ్చే ఆ వాసన పడదు. సవోయ్‌లో ఆ ఘాటు తక్కువ. ఎక్కువసేపు ఉడికిస్తే ఇదీ వాసన వస్తుంది గనక మూత పెట్టి నానబెట్టకండి. సన్నగా తరిగి, నానిన పెసరపప్పుతో, జీలకర్ర ఎండుమిర్చి పోపులో ఏడెనిమిది నిమిషాలు చాలు. దించేముందు పచ్చికొబ్బరి బదులు వేయించిన నువ్వుల పొడి వేసి చూడండి, జొన్నరొట్టెలోకి అంతకన్నా ఏం కావాలి. సర్వపిండిలో ఉల్లికాడలతో పాటు గుప్పెడు తరుగు కలిపితే పిండికి తడి పట్టి రొట్టె విరగకుండా వస్తుంది. థాలీపీఠ్‌కూ అంతే. శనగపిండి జల్లి ఝుణకా చేసేవాళ్లు ఉల్లిపాయ సగం తగ్గించి ఆ చోట ఇది వేసుకోవచ్చు.

అసలు ఈ ఆకు గొప్ప తెలిసేది వడీలో. అళూవడీ మన ఇళ్లన్నిటిలో చేస్తారు. చామాకు దొరకని చలికాలంలోనూ, ఆ ఆకు గొంతు దురద పెడుతుందని పిల్లలు ముట్టనప్పుడూ సవోయ్ ఆకు దానికి సరైన జోడీ. ఆకును మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయాలి. వెనక ఈనె మందంగా ఉన్నచోట కత్తితో పల్చగా చెక్కాలి. శనగపిండి, కొంచెం బియ్యప్పిండి, చింతపండు గుజ్జు, బెల్లం, కారం, పసుపు, ఇంగువ, నువ్వులు కలిపిన ముద్దను ఆకుకు పూయాలి. ఇక్కడే ముడతల విలువ: నున్నటి క్యాబేజీ ఆకు మీద పిండి జారిపోతుంది, దీని గుంటల్లో పట్టుకుని నిలబడుతుంది. నాలుగు ఆకులు ఒకదాని మీద ఒకటి పెట్టి చాపలా చుట్టి, ఆవిరి మీద 20 నిమిషాలు ఉడికించి, చల్లారాక బిళ్లలు కోసి, ఆవాల పోపులో తిప్పాలి. నూనెలో వేయించితే ఇంకా రుచి, అది మీ డాక్టరుతో మీరు తేల్చుకోండి. యూరప్‌లో కూడా ఈ ఆకులో కూరటం పెట్టి చుట్టే వంటలు చాలా ఉన్నాయి. ఆకు చిరగకుండా మెత్తగా మడతపడటమే కారణం.

వేళ్ అమావాస్యనాడు పొలానికి అంబలి, భజ్జీ పట్టుకుపోయే ఇళ్లు మన సంఘంలో ఇప్పటికీ ఉన్నాయి. శనగాకు, పచ్చి కందిగింజలు, చిక్కుళ్లు అన్నీ కలిపి వండే ఆ భజ్జీలో ఈ ఆకు ఒకటి చేరితే ఎవరూ పేరు అడగరు. మా పొరుగు వహిని రెండేళ్లుగా వేస్తున్నారు. భోగి కలగూరలోనూ వేశారు. అడిగితే "పత్తాగోబీయే గదా, జర వంకర తిరిగింది" అన్నారు.

ఆరోగ్యం గురించి రెండు మాటలే. వంద గ్రాముల పచ్చి సవోయ్‌లో విటమిన్ సి 31 మిల్లీగ్రాములు, మామూలు క్యాబేజీలో 36 దాకా ఉంటుంది. అంటే సి విషయంలో ఇది కొంచెం వెనకే. పీచు కాస్త ఎక్కువ: 3.1 గ్రాములు, అక్కడ 2.5. బీటా కెరోటిన్ మాత్రం పది రెట్లకు మించి ఎక్కువ, ఆ ముదురు ఆకుపచ్చే దానికి గుర్తు. "సవోయ్ తింటే షుగర్ మాయం" లాంటి సందేశాలు ముందుకు పంపకండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మాత్రలు వేసుకునే పెద్దలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఇందులో విటమిన్ కె చాలా ఉంటుంది. ఒక వారం విపరీతంగా తిని మరో వారం మానేస్తే మందు లెక్క తప్పుతుంది. ముందుగా డాక్టరుకు చెప్పి, ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి.

ఇంట్లో పెంచమని మేము పట్టుబట్టడానికి అసలు కారణం మందులు. క్యాబేజీకి పట్టే పురుగుల్లో రెక్కల మీద వజ్రం గుర్తున్న చిన్న చిమ్మట పురుగు అన్నిటికన్నా మొండిది. మన దేశంలో దీన్ని 1914లో మొదట నమోదు చేశారు. 1953లో జావాలో ఇది డీడీటీని తట్టుకుందని తేలింది. ఆ తర్వాత వచ్చిన మందుల్లో దీనికి అలవాటు కానివి బహుకొద్ది. వేడి ప్రాంతంలో రెండు మూడు వారాలకో తరం పుట్టుకొస్తుంది. కొట్టిన మందు పనిచెయ్యదు, ఇంకోటి కొట్టాలి, పంట పోతే అప్పు తీరదు. ఆ రైతును తిట్టడం మనకు సులువు. నిగనిగలాడే, చిన్న చిల్లు కూడా లేని గడ్డ ఏరుకునేది మనమే గదా.

పెరట్లో నాలుగు మొక్కలకు ఈ బాధ లేదు, పురుగును చేత్తో ఏరొచ్చు. ఒక హెచ్చరిక మాత్రం: సవోయ్ ముడతలు పిండికి ఎంత మేలో పురుగుకూ అంత మేలు. పేనుబంక ఆ గుంటల్లో దాక్కుంటుంది. అందుకని నాటిన రోజే వెదురు బద్దలు వంచి పాత దోమతెర కప్పేయండి, చిమ్మట గుడ్లు పెట్టడానికి దారి ఉండదు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు రైతులకు చెప్పిన ఉపాయం ఒకటుంది. క్యాబేజీ వరుసల మధ్య ఆవాలు చల్లితే చిమ్మట ఆవాల మీదికి పోతుంది. నాటడానికి 15 రోజుల ముందు ఒకసారి, నాటిన 25 రోజులకు మరోసారి ఆవాలు వెయ్యాలి. పొలానికి చెప్పిన మాట గాని పెరటికీ పనికొస్తుంది. పోపుల డబ్బాలోని ఆవాలే చాలు. పురుగు పట్టిన ఆవమొక్కను వెంటనే పీకి పారెయ్యాలి, లేకపోతే మనమే పురుగుకు పొలం కౌలుకిచ్చినట్టు. ఇంకా అవసరమైతే లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి వడకట్టి సాయంత్రం పూట కొట్టండి. వంటకు ముందు ఆకును ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచి, ముడత ముడతా విప్పి కడగండి.

మట్టి గురించి మనకు కొత్తగా చెప్పేదేమీ లేదు, నల్లరేగడి. తడిస్తే బంక, ఎండితే నెర్రె. నేలలో పెట్టేవాళ్లు జానెడు ఎత్తు బోదె చేసి, సగానికి సగం పశువుల ఎరువు కలపండి, మొక్కకూ మొక్కకూ మూరెడు దూరం. మేడ మీదైతే 15 అంగుళాల సంచికి ఒకే మొక్క. పైన ఎండుటాకులు కప్పండి. అర్ధాపూర్ వైపు చుట్టాలున్న వాళ్లకు అరటాకుకు కొదవేముంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు నిక్షేపంగా పోయొచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లు మాత్రం లేత నారుకు వద్దు, అందులో ఉప్పులు ఎక్కువ.

ఇప్పుడు చుక్కకూర సంగతి. దాన్ని తీసెయ్యమన్న పిల్లల మీద మాకు కోపం లేదు, కానీ ఈ విషయంలో మేము అస్సలు ఒప్పుకోం. సవోయ్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు ఆకు, వారాల తరబడి గట్టి చలి తగిలాకే రెండో ఏడు పువ్వు, గింజ. నాందేడ్‌లో అది పూసేది లేదు, గింజ కట్టేది లేదు. ఇలాంటి క్యాబేజీ విత్తనం మన దేశంలో కులూ లోయ లాంటి చల్లటి చోట్లే తయారవుతుంది. కాబట్టి ప్రతి ఏడూ డబ్బు పెట్టి కొనాల్సిందే. కొట్టువాడు తెప్పించడం మానేస్తే ఆ ఏడు సవోయ్ లేదు. చుక్కకూర అలా కాదు. రెండు మొక్కలు వదిలేస్తే వచ్చే ఏడాదికి సరిపడా గింజ మన డబ్బాలోనే ఉంటుంది.

మన ఇళ్లలో ఉన్న చుక్క, తోటకూర, బీర, చిక్కుడు గింజలు ఎక్కడివో ఒకసారి ఇంట్లో అవ్వలను అడగండి. దెగ్లూర్, బిలోలీ, కిన్వట్ పుట్టిళ్ల నుంచి కొంగున కట్టుకొచ్చినవి, ముధోల్, జుక్కల్ మేనత్తల ఇళ్ల నుంచి వచ్చినవి. 1956 దాకా ఈ ఊళ్లన్నీ ఒకే హైదరాబాదు రాష్ట్రం. ఆ నవంబరులో గీత గీశారు. నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్ అటు ఆదిలాబాదుకు పోయింది, ఆదిలాబాదులో ఉన్న కిన్వట్ ఇటు వచ్చింది, దెగ్లూర్ తాలూకా బిచ్కుంద, జుక్కల్ నిజామాబాదులో కలిశాయి. గీత దాటి పెళ్లిళ్లు ఆగలేదు, గింజలూ ఆగలేదు. మన పిల్లలు చుక్కకూరను చుకా అంటున్నారు, పెరడును పరసబాగ్ అంటున్నారు. అనుకోనివ్వండి, అదీ మన భాషే అయిపోయింది. కానీ మొక్కే లేకపోతే రెండు భాషల్లోనూ పేరు పోతుంది. సంఘం పొట్లంలో చుక్కకూర ఉండాల్సింది అందుకు. సవోయ్‌ని దాని పక్కన పెడదాం, దాని చోట్లో పెట్టొద్దు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఒక గ్రాము క్యాబేజీ విత్తనంలో సుమారు 300 గింజలుంటాయి. ఇంటికో పొట్లం పంచితే వంద గింజల్లో తొంభై ఆరు బీరువాలో ముసలివైపోతాయి. మన 120 ఇళ్లకు ఇంటికి నాలుగు చొప్పున 480 మొక్కలు కావాలి. మొలవనివి, చచ్చేవి కలుపుకుని 98 గుంటల ట్రేలు ఏడు, విత్తనం మూడు గ్రాములు. అంతే ఖర్చు. చీఫ్‌టెన్ రకం దొరికితే అది తీసుకుందాం, మన దేశపు సాగు పుస్తకాల్లో సవోయ్ అంటే ఎక్కువగా కనిపించేది అదే. సాగులో అనుమానాలుంటే సగరోళీలో, పోఖర్ణీలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, పర్భణీలో 1972 నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఉంది. గ్రూపులో వాదించుకునే బదులు ఒక రోజు వెళ్లొద్దాం, మాలో ఒకరు బండి తీస్తారు.

ట్రేలు పెట్టడానికి మా మేడ మీద నీడవల కింద చోటుంది. నెలాఖరులోగా విత్తనం చేతికొస్తే అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లో గింజ వేస్తాం, నెల రోజులు పొద్దున్నే నీళ్లు పోసే పని మాది. నవంబరు మొదటి ఆదివారం వచ్చి ఇంటికి నాలుగు మొక్కలు తీసుకుపోండి. వచ్చేవాళ్లు ఆలోపే సంచుల్లో మట్టి, ఎరువు కలిపి తడిపి ఉంచండి, ఆవాలు అక్టోబరు మూడో వారంలోనే చల్లండి, పాత దోమతెర పారెయ్యకండి. మొక్కలు వద్దనుకునే ఇళ్లు ఈ ఆదివారం మీటింగులోపు చెబితే ట్రేల లెక్క తగ్గించుకుంటాం. చుక్కకూర గింజ మిగులున్న వాళ్లు ఒక చిన్న పొట్లం తెచ్చి కార్యదర్శి గారికి ఇవ్వండి, ఈసారి అది కొనకుండానే అందరికీ సరిపోతుందేమో చూద్దాం.